గోరు

కురుపాం మార్కెట్లో మా కొట్టుకి బోర్డు లేదు.
మెట్టెక్కి ఎవరొచ్చినా
ముందు ముక్కు చూస్తాను, తర్వాతే ముఖం.
నలభై ఏళ్ల కంసాలి అలవాటు.

ఆ రోజు పరదేశమ్మ
కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వచ్చింది.
జాలరిపేట నుంచి ఎండుచేపల గంపతో వస్తే
కొంగులూ రుమాళ్లూ అడ్డం పెట్టుకునేది మేము,
తను కాదు.

గులాబీ కాగితం విప్పి
ముక్కర నా పీట మీద పెట్టింది.
"తూసి సెప్పు బాబూ."
నేను చేసిందే. ఎర్రరాయి, చుట్టూ ఆరు బొట్లు.
పదకొండేళ్ల పిల్లగా వాళ్లమ్మ ఒళ్లో కూర్చోబెట్టి
ముక్కు కుట్టిందీ నేనే.
ఏడవలేదు. నా బొటనవేలు కొరికింది.

కొంగు దించింది.
ఎడమ పుటం లేదు.
రేకుని కత్తెరతో వంకీ తిప్పి కోసినట్టు అంచు,
అంచున ఎండిన చెక్కు, లోపల ఎర్రటి తడి.
నేను పొడిచిన చిల్లు కోసం వెతికాను.
చిల్లు ఉండటానికి చుట్టూ
మాంసం ఉండాలి కదా.

మూడేళ్లు దవడలో పిడుగులు పడ్డాయట.
నీళ్లు పుక్కిలిస్తే పిడుగు, గాలి తగిలితే పిడుగు.
మంచి పళ్లు నాలుగు పీకించుకుంది.
చివరికి పెద్దాసుపత్రి మేడ మీద
సూది పెట్టి నరం కాల్చారు.
నొప్పి పోయింది.
పోతూ పోతూ సగం ముఖం పట్టుకుపోయింది.
"ఈగ వాల్తే ఎదుటోళ్లు సెప్పాల బాబూ.
లోపల మాత్రం సీమలు. ఒకటే సీమలు."

కుష్టు అన్నారట. పక్క గంపలు దూరం జరిగాయి.
అమ్మోరికి మొక్కు తీర్చలేదన్నారట.
ముక్కరలో కల్తీ అని కూడా అన్నారట.
ఆ మాట అప్పుడు నా కొట్టుదాకా రాలేదు.
వచ్చుంటే ఆ రాత్రులు నిద్రపోయేవాణ్ని కాదు.
ఇప్పుడు పోవడం లేదు.

రెండుసార్లు ముక్క కోసి గాజుపలకల మీద చూశారు.
కేన్సరు కాదు, క్షయ కాదు, కుష్టూ కాదు.
ఆఖరికి ఒక బక్కపలచని పిల్ల డాక్టరు
ముక్కు చూడటం మానేసి
ఆమె కుడిచెయ్యి దీపం కిందకి లాగింది.
చూపుడువేలి గోరు కింద
నల్లగా ఎండిన నెత్తురు.
"రాత్రిపూట నీ ముక్కు నువ్వే తవ్వుకుంటున్నావమ్మా."
ఏదో పేరు చెప్పిందట, పరదేశమ్మకి నోరు తిరగలేదు.
"సాలా తక్కువ మందికి వొస్తాదంట.
ఇంత ఊర్లో నన్నెలా ఎతికి పట్టుకుందో!"
నవ్వింది. కుడిపక్క మాత్రమే నవ్వింది.

నా వేళ్ల కొసలూ అంతే.
ఆసిడ్ తాగి, నిప్పు తాగి మొద్దుబారాయి.
మూస పట్టుకుంటే
కాలుతున్న సంగతి వేలు చెప్పదు,
కాసేపటికి వాసన చెబుతుంది.
ఆమెకి చెప్పలేదు ఈ మాట.

తూచాను. గ్రాము మీద మూడు వందల నలభై మిల్లీ.
"అమ్మేస్తావా?"
"అమ్మడానికా వొచ్చింది? ఈ పక్క కుట్టు."
కుడి పుటం చూపించింది.
"ఇటు తెలుస్తాది నాకు."

సూది కాల్చాను. చల్లార్చాను. మళ్లీ కాల్చాను.
"డాక్టర్ని అడిగి రా" అన్నాను.
"నా ముక్కుకి ఆయమ్మ సెలవేటి?" అని
అరగంట తిట్టింది.
చూసుకుంటూ మాటల మధ్యలో
ఆమె చెయ్యి ఎడమవైపు పాకుతోంది,
తనకి తెలియకుండా.
ఆ చెయ్యి పట్టుకున్నాను.
సన్న ఆకురాయి తీసి
పది గోళ్లూ చివుళ్లదాకా అరగదీశాను.

సాయంత్రం పీట దులిపితే
బంగారం రజనులో గోళ్ల పొడి.
ఈ నెల తుక్కు కరిగించలేదు.

ఇప్పుడు ప్రతి బుధవారం వస్తోంది.
రాత్రులు కోడలు చేతులకి
మేజోళ్లు తొడిగి తాడు కడుతోందట.
"దొంగని కట్టినట్టు" అంటుంది.
ముక్కర నా పెట్టెలోనే ఉంది,
చీటీ మీద పేరు రాశాను, ధర రాయలేదు.

గంపలో నెత్తళ్లుంటే
ఆమెకన్నా ముందు వాసన మెట్టెక్కుతుంది.
ఆమె కొంగు దించుతుంది.
నేను రుమాలు తీయను.